తీతువు పిట్ట ప్రసంగం

మా ఊరి గుడివాళ్ళు ఫోను చేసి, ఆదివారం కూటానికి తప్పకుండా రావాలి, మీ నాయన గారి తీతువు పిట్ట ప్రసంగం గురించి ఐదు నిమిషాలు చెప్పాలి అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. పోయి ముప్పై ఏళ్ళయిన మనిషి మీద కోపం పెట్టుకోవడం మంచిది కాదని తెలుసు. బడిలో పిల్లలకు నీతి పాఠాలు చెప్పి ఇప్పుడు పింఛను తీసుకుంటున్నదాన్ని, నాకు ఆ మాత్రం తెలియదా. అయినా ఆ వారమంతా ఇల్లు ఊడుస్తూ, అంట్లు తోముతూ మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను. అనంతపురంలో నేనుండే సందులో ఒక వేపచెట్టు ఉంది. ఎండలు మొదలయ్యే వేళకు దాని పువ్వు రాలి మా గుమ్మమంతా పరుచుకుంటుంది. పువ్వు రాలింది, ఊడవాలి అని మాత్రం అనుకునే భాగ్యం నాకు లేదు. చీపురు పట్టుకోగానే ఇందులో దేవుడు ఏం చెబుతున్నాడు అనే ప్రశ్న చెవిలో దూరుతుంది. ఇంత వయసు వచ్చినా అది నన్ను వదల్లేదు. దాన్ని నా చెవిలో పెట్టింది మా నాయన.

నాయన పేరు దేవదానం. కుందుర్పికి నాలుగు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్ళో ఉపదేశి. పాదిరి గారు నెలకొకసారి వచ్చిపోయేవారు, మిగతా రోజుల్లో గుడిని కనిపెట్టుకుని ఉండేది నాయనే. వారానికి ఆరు రోజులు కూలికి పోయేవాడు, ఏడో రోజు తెల్లపంచె కట్టుకుని రేకుల గుడిలో వాక్యం చెప్పేవాడు. పెద్ద చదువు లేదు. అందుకని కంటికి కనపడిందల్లా ఆయనకు వాక్యమే. గొర్రె చెవిలో పిడుదు కనపడితే పాపం మనిషిని ఎట్లా పట్టుకుంటుందో చెప్పేవాడు. తొండ తల ఊపితే లోకం అన్నదానికల్లా తల ఊపేవాళ్ళ సంగతి ఎత్తుకునేవాడు. ఒకసారి నా అరికాల్లో తుమ్మముల్లు విరిగింది. నా కాలు తొడ మీద పెట్టుకుని, పిన్నీసు చేత్తో పట్టుకుని, చిన్న తప్పే కదా అని ఊరుకుంటే అది లోపల ఎట్లా చీము పడుతుందో మొదలు నుంచి చివరిదాకా వివరించి, ఆ తర్వాత ముల్లు తీశాడు. అంతసేపూ నేను ఏడుస్తూనే ఉన్నాను. మా అమ్మ శాంతమ్మ పొయ్యి దగ్గర నుంచి, ముందు ముల్లు తీసి ఆనక పాఠం చెప్పరాదా అని గొణిగింది. నాయన ఆ గొణుగుడును కూడా వదల్లేదు. సణుక్కుంటూ అరణ్యంలో నడిచిన జనం కథ ఆ సాయంత్రమే విన్నాం.

ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దు గూకే వేళకు అమ్మ కూలి నుంచి వచ్చి, కందికట్టె పొయ్యిలో పెట్టి సంగటి కెలికేది. రాగిపిండి ఉడికే వాసన, కట్టె పొగ, రోట్లో నూరిన ఊరిబిండి వాసన కలిసి వస్తుంటే కడుపులో పేగులు అరిచేవి. వేడి ముద్దలు పళ్ళేల్లో పడేవి, కానీ ఎవరూ ముట్టుకోకూడదు. నాయన చాప మీద కూర్చుని ముందు మా అన్న తిమోతిని, తర్వాత నన్ను అడిగేవాడు. ఈ పొద్దు ఏం చూసినావు, దాంట్లో దేవుడు నీకేం చెప్పినాడు అని. జవాబు చెప్పాకే ప్రార్థన, ప్రార్థన అయ్యాకే ముద్ద. తిమోతి ఘటికుడు. చీమ, గద్ద, ఉల్లిపొర, కాడి దించిన ఎద్దు, వాడి దగ్గర ఎప్పుడూ సరుకు సిద్ధంగా ఉండేది. నాయన ముఖం వెలిగిపోయేది. నా వంతు వచ్చేసరికి నాకు నోరు పెగిలేది కాదు. నిజానికి వాడికంటే నేనే ఎక్కువ చూసేదాన్ని. తొండ గొంతు కింద ఎరుపు ఎప్పుడు ముదురుతుందో నాకు తెలుసు, వంకలో ఇసుక తోడితే నీళ్ళు ఏ వైపు నుంచి ముందు ఊరతాయో తెలుసు. కానీ చూసింది చూసినట్టు చెబితే నాయనకు చాలదు. అయితే ఏమి అని అడిగేవాడు. ఆ 'అయితే ఏమి'కి జవాబు దొరక్క ఎన్ని సాయంత్రాలు నా సంగటి చల్లారిపోయిందో. సంగటి చల్లారితే గొంతు దిగదు, తిన్నవాళ్ళకు తెలుసు.

అప్పటికి వరసగా రెండేళ్ళు వానలు లేవు. మా గుడివాళ్ళలో చాలామందికి ఎకరమో రెండెకరాలో ఎర్రనేల ఉండేది, అందులో చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసేవాళ్ళం. బోర్లు లేవు, కాలువలు లేవు, అంతా పైన మబ్బు దయ. రెండో వేసవి ముగిసే వేళకు జొన్న గింజ, రాగి గింజ అన్నీ అయిపోయి ప్రతి ఇంట్లోనూ ఒక్కటే మిగిలింది. మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి అటక మీద పెట్టిన విత్తనపు కాయల కుండ. పస్తున్న పూట ఆ కుండ వైపు చూడని ఇల్లు లేదు. విత్తనం తిన్నవాడు రైతే కాదని పెద్దల మాట. పిల్లల ఏడుపు ఇంకో మాట. ఆ రెంటి మధ్య నలిగి ఓబన్న ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. బాప్తిస్మంలో ఆయనకు అబ్రహాము అని పేరు పెట్టినా ఊరందరికీ ఓబన్నే. ఆయన కూతురు సువార్త నా ఈడుది, నా జతగత్తె. దాని చంకలో ఎప్పుడూ రెండేళ్ళ తమ్ముడు ఉండేవాడు, వాణ్ణి అందరం చిన్నోడు అనేవాళ్ళం. ఆ సాయంత్రం కూడా తమ్ముణ్ణి ఎత్తుకుని తండ్రి వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఉపదేశయ్యా, ఇంట్లో తినేకి ఏమీ లేదు. ఇత్తనాలు ఏంచి పిల్లోళ్ళకు పెట్టేదా, పెట్టుకోని వాన కోసం చూసేదా? నువ్వేం చెప్తే అదే చేస్తా" అన్నాడు ఓబన్న.

నాయన ప్రార్థన చేసి చెబుతానన్నాడు. మా అటక మీద కూడా అదే కుండ ఉందని ఆయనకు తెలుసు. ఓబన్న ఒక్కడే కాదు, ఆ వారంలో ఇంకా నలుగురైదుగురు వచ్చి అదే అడిగిపోయారు. అందరికీ నాయన అదే జవాబు చెప్పి పంపాడు.

తర్వాత రెండు మూడు రోజులకు నేను అబద్ధం చెప్పాను. దానికి ముందు ఒక సంగతి చెప్పాలి. మా వైపు రైతులకు ఒక నమ్మకం ఉంది. తీతువు పిట్ట వంకలో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడితే ఆ ఏడు వాన లేనట్టే, గట్టెక్కి పెడితే వంక నిండా నీళ్ళు వస్తాయని. పక్క చేని హనుమంతప్ప తాత చెబుతుంటే విన్నాను. నాయనకు ఇటువంటివి గిట్టవు. శకునం, పిల్లి ఎదురు రావడం, బల్లి పలకడం అన్నీ చీకటి సంగతులని గుడిలో ఊదరగొట్టేవాడు. ఆ రోజు నేను తెల్లవారినప్పటి నుంచి వంక చెలమ దగ్గరే ఉన్నాను. కొబ్బరిచిప్పతో తోడుతూ, ఊరేదాకా కూర్చుంటూ మూడు బిందెలు ఇంటికి మోశాను. సాయంత్రం పొయ్యి మీద, అమ్మ కూలికి తెచ్చిన పిడికెడు నూకల్లో చింతచిగురు వేసిన పలచని గంజి తప్ప ఏమీ లేదు. తిమోతి తన పాఠం ఒప్పజెప్పాడు. నా వంతు వచ్చింది. గంజి మీద ఆవిరి తగ్గిపోతూ ఉంది. అన్నకంటే పెద్ద పాఠం చెప్పి ఈ పూటైనా వేడిగా తాగాలనుకున్నాను. అంతకు మించి నా మనసులో ఏ దుర్బుద్ధీ లేదు.

"తీతువు పిట్ట వంకలో కాకుండా గట్టు మీద గుడ్లు పెట్టినాది నాయనా. నాలుగు గుడ్లు. మబ్బే లేదు, అయినా వాన వస్తాదని దానికి నమ్మకం ఉండాది. మనకు లేదు" అన్నాను.

నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా తల మీద చెయ్యి పెట్టి నా బిడ్డ అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ నన్ను ఆ గొంతుతో పిలవలేదు. తిమోతి ముఖం మాడిపోయింది. నేను గంజి వేడిగా తాగాను, నాలుక కాలినా ఆగకుండా తాగాను.

ఆ ఆదివారం నాయన ఎక్కిన ఎత్తు ఆయన బతుకులో మళ్ళీ ఎక్కలేదు. రేకుల గుడి కిటకిటలాడింది. నా కూతురు సలోమి కళ్ళకు దేవుడు చూపించినాడని మొదలుపెట్టాడు. పిట్టకు చదువు రాదు, ప్రార్థన రాదు, మబ్బు కనపడకముందే గట్టెక్కింది, అటక మీద కుండ దించి విత్తడానికి మనకు ఎందుకింత భయం అని అడిగాడు. విత్తనం తినాకండి, దాచిపెట్టండి, మొదటి వానకే విత్తండి అన్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఓబన్న లేచి నిలబడి చేతులు జోడించాడు. సువార్త నా పక్కనే కూర్చుని, చిన్నోణ్ణి ఒళ్ళో పెట్టుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. గుడి అయ్యాక చెప్పి ఉండవచ్చు, మర్నాడు చెప్పి ఉండవచ్చు. వాన పడేదాకా ఇంకా పదిహేను రోజులకు పైగా ఉంది. కానీ ఆ పదిహేను రోజులూ నేను ఊళ్ళో ఎటు పోయినా, పిట్టను చూసిన పిల్ల అని బుగ్గ పుణికేవాళ్ళు. నాకు అది బాగుండింది. నిజం రాసుకోవాలి కదా, చాలా బాగుండింది.

నాయన మీద నా కోపమంతా ఇక్కడే. ఆ గట్టు మా ఇంటికి పిలిస్తే పలికేంత దూరం. ఒక్క పొద్దైనా వెళ్ళి ఆ గుడ్లు ఎక్కడమ్మా చూపించు అని అడగలేదు. చీమను చూడు, పిట్టను చూడు, పువ్వును చూడు అని ప్రాణం తీసిన మనిషి, ఊరి కడుపంతా ఒక పిట్ట మీద పెట్టి, ఆ పిట్టను చూడాలని అనుకోలేదు. ఆయనకు పాఠం దొరికింది, ఇక పిట్టతో పనేముంది. హనుమంతప్ప తాతకు విషయం తెలిసి మా ఇంటి ముందే ఆగి నవ్వాడు.

"ఏమప్పా ఉపదేశీ, మా శకునాలన్నీ తప్పంటివి. ఇప్పుడు మీ పిట్టకు బాప్తిస్మం ఇచ్చినావా?" అన్నాడు.

నాయన ఇది శకునం కాదు, విశ్వాసం అన్నాడు.  నేల జానెడు లోతు తడవకుండా తాను మాత్రం విత్తనం దించనని చెప్పి తాత గొర్రెల వెంట పోయాడు.

వాన వచ్చింది. అదీ మా ఖర్మ. అసలు రాకపోయి ఉంటే కుండలు అటక మీదే ఉండేవి. ఒక మధ్యాహ్నం గాలి లేచి, నాలుగు పెద్ద చినుకులు పడి, ఒక గంట సేపు కురిసింది. మట్టి వాసనకు పిల్లలం పిచ్చెత్తినట్టు వీధిలో గెంతాం. అమ్మ చేలోకి వెళ్ళి వేలు గుచ్చి చూసి నాలుగు వేళ్ళ లోతు కూడా పదును లేదంది. నాయన వినలేదు. మర్నాడు గుడివాళ్ళ చేలన్నిట్లో మడకలు కదిలాయి. మొగవాళ్ళు మడక పట్టుకుంటే ఆడవాళ్ళూ పిల్లలూ వెనకాల నడుస్తూ సాల్లో గింజలు వేశాం. ముందు రాత్రంతా కాయలు ఒలిచి వేళ్ళు నొప్పులు పుట్టాయి. ఒలిచిన గింజల వాసన, ఎర్రపొట్టు అంటుకున్న అరచేతులు, ఒక్క గింజ నోట్లో వేసుకోవాలని ఎంత అనిపించినా ఎవరూ వేసుకోలేదు. మా చేను అయ్యాక ఓబన్న చేలోకి సాయం వెళ్ళాం. సువార్త ఒక సాలు, నేను ఒక సాలు. చిన్నోడు గట్టు మీద కూర్చుని గింజల కోసం చెయ్యి చాపి ఏడుస్తుంటే వాళ్ళమ్మ అటు చూడకుండా నడిచింది. నేను కూడా నడిచాను.

ఆ తర్వాత ఎండ. మబ్బు పట్టడం, గాలి వచ్చి ఎత్తుకుపోవడం. ఇరవై రోజులైనా రెండో వాన లేదు. ఒక ఉదయం నాయన నన్ను వెంటబెట్టుకుని చేనికి వెళ్ళి, సాల్లో కూర్చుని వేళ్ళతో మట్టి తవ్వాడు. గింజ ఉబ్బి, తెల్లగా ముక్కు పగిలి, అక్కడే మాడిపోయి ఉంది. ఇంకొకటి తవ్వాడు. దాన్ని చీమలు గుల్ల చేశాయి. ఇంకొకటి, ఇంకొకటి. అరచేతిలో పెట్టుకుని నలుపుతుంటే పొట్టు గాలికి లేచిపోయింది. నేనిక ఆగలేకపోయాను.

"నాయనా, ఆ పిట్టను నేను చూడలేదు. ఆకలైతాంటే చెప్పినా" అన్నాను.

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేది. తవ్విన మట్టిని అరచేత్తో మళ్ళీ సాల్లోకి నెట్టాడు.  చివరకు ఈ మాట ఎవరితోనైనా అన్నావా అని అడిగాడు. లేదన్నాను.

"అనాకు" అన్నాడు. అంతే.

ఇంటికి నడుస్తూ మాత్రం, గాడిద నోట కూడా మాట్లాడించిన దేవుడు ఆయన, ఏ నోట ఏం పలికిస్తాడో మనకేం తెలుసు అని తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు. నన్ను గాడిదను చేసి తాను ఒడ్డున పడ్డాడు. తర్వాతి ఆదివారం గుడిలో, గింజ మన్నులో పడి చావకుండా ఫలించదని ప్రసంగం చెప్పాడు. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. చచ్చిన గింజలు మా చేతుల్లోనే ఉన్నాయి, ఫలం మాటే లేదు, అయినా పాఠం మాత్రం సిద్ధం. లేచి అరవాలనిపించింది. అరవలేదు. ఆ వారంలోనే కాలువ పనులున్నాయని ఓబన్న కుటుంబం బళ్ళారి వైపు నడిచి వెళ్ళిపోయింది. చిన్నోడు అక్క చంకలో తల వాల్చి నిద్రపోతున్నాడు. రెండేళ్ళకు ఓబన్న, భార్య తిరిగి వచ్చారు. సువార్తకు ఆ వైపే పెళ్ళి చేశారు. చిన్నోడు రాలేదు. దారిలో జ్వరం వచ్చిందన్నారు. నేను ఇంకేమీ అడగలేదు.

ఆ చేలో మాట తర్వాత నాయన నన్ను మళ్ళీ ఎప్పుడూ ఏం చూసినావు అని అడగలేదు. తిమోతిని అడిగి, నన్ను దాటేసి ప్రార్థన మొదలుపెట్టేవాడు. నా సంగటి అప్పటి నుంచి ఎప్పుడూ వేడిగానే ఉండేది. ఇన్నేళ్ళు కోరుకున్నది దొరికినా ఒక్క ముద్ద రుచించలేదు. పోయేముందు కూడా ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించానని చెప్పలేదు, క్షమించమని అడగలేదు. ఆయన మీద కోపమో, నా మీద నాకు కోపమో తేల్చుకోలేక బతుకంతా గడిపాను.

ఈ బరువు మోసుకుని ఆదివారం కూటానికి వెళ్ళాను. రేకుల గుడి పోయి టైల్స్ వేసిన గుడి వచ్చింది. చెవులు చిల్లులు పడే మైకు. బయట ఫ్లెక్సీ మీద నాయన ఫోటో, పక్కన ఒక పిట్ట. అది తీతువు కూడా కాదు, నీలిరంగు ముక్కుతో ఏ దేశపుదో. పాతికేళ్ళు దాటని పాస్టరు మా నాయన కథ చెప్పాడు. ప్రసంగం అయిన మూడో దినానికే వాన దంచిందట, ఆ ఏడు ఊరంతా చెనిక్కాయ విరగకాసిందట, అవిశ్వాసి అయిన పక్క చేని ఆసామి చేను మాత్రం ఎండిపోయిందట. జనం స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. ఊళ్ళో ఇప్పుడు సగం చేలు బీళ్ళే, పడుచువాళ్ళంతా బెంగుళూరులో కట్టడం పనుల్లో ఉన్నారు, బోర్లలో మట్టి వస్తోంది, కానీ ప్రసంగంలో మాత్రం విరగకాసింది. ఆ రోజుల్లో కనీసం ఆకలిని ఆకలి అనేవాళ్ళం. నా వంతు రాగానే లేచి, పిట్ట లేదు, గుడ్లు లేవు, పడింది ఒక్క గంట వాన, అబద్ధం నాది, దాన్ని నమ్మి జనం విత్తనాలు మన్నులో పోసుకున్నారు అని ఉన్నదున్నట్టు చెప్పాను.   పాస్టరు మైకు తీసుకుని, చూడండి ఈ తల్లి తగ్గింపు, తండ్రి మహిమంతా దేవునికే చెందాలని తనను తాను తక్కువ చేసుకుంటోంది, ఇందులో మనకు ఎంత గొప్ప పాఠం అన్నాడు. స్తోత్రం, స్తోత్రం అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

భోజనాల దగ్గర ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక షామియానా చివర కుర్చీలో కూర్చున్నాను. ఒక ముసలామె మనవడి చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చి నా పక్క కుర్చీ లాక్కుంది. ముఖం చూడగానే గుర్తుపట్టలేదు. నా చెయ్యి పట్టుకున్నప్పుడు గుర్తుపట్టాను. సువార్త. బళ్ళారి దగ్గర కొడుకు ఇంట్లో ఉంటోందట, పుట్టిన ఊరు ఒకసారి చూడాలని వచ్చిందట. మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళు, పోయినవాళ్ళ పేర్లు చెప్పుకున్నాం.  ఎంగిలి విస్తళ్ళ దగ్గర కాకులు కొట్టుకుంటున్నాయి.

"నువ్వు లేసి చెప్పింది నేను ఇన్న్యా" అంది. "ఆ ఆదివారమే చెప్పింటే మా యమ్మ ఆ గింజలు ఏంచి చిన్నోనికి పెట్టింటాది."

కోపంగా అనలేదు. బస్సు ఎన్ని గంటలకు అని అడిగినట్టు అంది.  నా నాలుక మీదికి అలవాటుగా వచ్చింది ఏదో వాక్యం, ఏదో ఓదార్పు, దేవుడు అంటూ మొదలయ్యే ఏదో మాట. నోరు తెరిచాను. సువార్త నా మణికట్టు వదలకుండానే తల అడ్డంగా ఊపింది.

"వద్దు సలోమీ. వాడు చచ్చిపోయినాడు. దానికి పాఠం చెప్పాకు" అంది.